ఖాళీలో నలుగురు

సిరిసిల్ల,
7 జూన్ 1998.

పెద్దక్కకు, వెంకటేశం దండం పెట్టి రాసేది:

ఇక్కడ అందరం బాగున్నాం. బడి తెరిచేలోపు ఒక పెద్ద పని నెత్తిన వేసుకున్నాను. వలసపోయిన మన పద్మశాలీల మీద ఇక్కడి సంఘం వారు పుస్తకం వేస్తున్నారు. అందులో భివండి భాగం నాది. తెలుగు పంతులును కదా, నా చేతిలో వాక్యం కొంచెం బరువుగా వస్తుందని వారి నమ్మకం. పేరు కూడా పెట్టేశాను. 'భివండి గగనాన మన తారలు'.

తారలెవరో నాకు తెలియదు. నేను భివండి వచ్చింది ఒక్కసారి, ఉన్నది రెండు రోజులు. ఆ రెండు రోజులూ మగ్గాల చప్పుడులో నాకు వినబడింది నా మాటే. కాబట్టి నువ్వే దిక్కు. కుస్తీ, వైద్యం, సంగీతం, ఏ రంగమైనా సరే, అక్కడ పేరున్న మనవాళ్ళ గురించి వివరంగా రాయి. మామూలుగా నీ కార్డులో నాలుగు వాక్యాలుంటాయి. మూడు దేవుడి గురించి, ఒకటి వాన గురించి. ఈసారి దయచేసి ఇన్‌లాండ్ కవరు కొను.

బావ పేరు రావలసిన చోట నువ్వు ఖాళీ వదులుతావు, అది నాకు అలవాటే. అమ్మ ఉన్నప్పుడు నీ కార్డు చదివి వినిపించేది నేనే. ఖాళీ రాగానే 'సిద్ధిరాములు' అని నేనే నింపేవాణ్ణి. భర్త పేరు పలకకూడదని మన ఆడవాళ్ళందరూ అంటారు గాని, నీ పట్టింపు వేరు. ఆ పేరులో రాముడున్నాడని, పెళ్ళి కుదిరిన నాడే రామకోటి రాయడం ఆపేసి శివుడి వైపు తిరిగిన మనిషివి. ఆ నోటుబుక్ అమ్మ సందుకలో ఇంకా ఉండే ఉంటుంది.

తొందరగా రాయి.

నీ తమ్ముడు
వెంకటేశం

~

టెంఘర్, భివండి.
28 జూన్ 1998.

తమ్ముడికి, అక్క దీవెన.

ఉత్తరం ఏకాదశి నాడు అందింది. ఇన్‌లాండ్ కొన్నాను. వాన మొదలైంది.

పేరు రాయలేని చోట ఖాళీ వదిలాను. నింపుకో.

ఆడెపు .......... కుస్తీలో పెద్ద పేరు. కల్యాణ్ పోటీలో గెలిస్తే వెండి గద ఇచ్చారు. నూలు చుట్టిన ఇనుప భీమ్‌ను నలుగురు కలిసి మోస్తారు. ఆయన ఒక్కరే భుజాన పెట్టుకుని మెట్లెక్కారు.

ఆడెపు .......... కామెర్లకు ఆకుమందు ఇస్తారు. ఆదివారం వాకిట్లో వరుస ఉంటుంది. ఏడ్చే పిల్లలు ఆయన్ను చూసి ఊరుకుంటారు.

ఆడెపు .......... భజన పాడితే మరాఠీ వాళ్ళు కూడా వచ్చి కూర్చుంటారు. హార్మోనియం కూడా ఆయనే వాయించుకుంటారు.

ఒకటి మరిచాను. 1987లో ఆడెపు .......... గుండె ఆగి పోయారు. ఆ పూట టెంఘర్‌లో మగ్గాలన్నీ ఆపారు.

.......... కు దగ్గు తగ్గింది. పనికి పోతున్నారు.

శివపంచాక్షరి రెండు లక్షలు దాటింది. అంతా ఆయన దయ.

అక్క

~

సిరిసిల్ల,
30 ఆగస్టు 1998.

అక్కా,

ఎంత దాచావు నువ్వు. ముప్పై నాలుగేళ్ళుగా బావ అంటే పోగులు అతికే మనిషి అనుకున్నాను. మగ్గం మీద ఒక భీమ్ అయిపోతే కొత్త భీమ్ పోగులను పాత పోగులకు ఒక్కొక్కటిగా ముడివేసే మనిషి, ఇద్దరు పలకరిస్తే ఒకరికి జవాబిచ్చే మనిషి అనుకున్నాను. ఆయనలో ఇంత ఉందా?

ఖాళీలన్నీ నింపాను. పుస్తకం అచ్చయింది. పన్నెండో పేజీలో బావ. అక్కడి పద్మశాలి సమాజం ఆఫీసుకు నలభై ప్రతులు మన భివండి బస్సులో వేశాను. ఈలోపు నీకోసం కొంత ఇక్కడే రాస్తున్నాను:

'పట్టు పడితే పర్వతం, మందు ఇస్తే అమృతం, గొంతెత్తితే గంగా ప్రవాహం. ఈ మూడింటినీ లోపల దాచుకుని, ఏమీ ఎరగనట్టు పోగులు అతుకుతున్న కర్మయోగి శ్రీ ఆడెపు సిద్ధిరాములు. 1987లో గుండె ఆగి మరణించినా, మన కులమూలపురుషుడు మార్కండేయునివలె మృత్యువును గెలిచి, నేటికీ క్రమం తప్పక పనికి వెళుతున్నారు. ఇటీవల దగ్గు కూడా తగ్గినది.'

ఇది చదివి సంఘం కార్యదర్శి కళ్ళు తుడుచుకున్నాడు. బావకు నా పాదాభివందనాలు చెప్పు.

వెంకటేశం

~

టెంఘర్, భివండి.
16 సెప్టెంబర్ 1998.

తమ్ముడికి,

పుస్తకం చూశాను. అచ్చు బాగుంది.

ఖాళీ ఒక్కటే. మనుషులు నలుగురు.

మా ఆయన తాత పేరు ........... ఆయనకు నలుగురు కొడుకులు. తాత పేరు నిలబడాలని నలుగురూ పెద్దకొడుక్కు అదే పేరు పెట్టారు. ఇంటిపేరు ఎటూ ఒకటే. ఆ నలుగురు మనుమలూ భివండి వచ్చారు. ఇక్కడ ఒకరిని పహిల్వాన్ అంటారు, ఒకరిని డాక్టర్, ఒకరిని భజన. నాలుగో ఆయన మా ఆయన. ఆయన్ను ఉత్త .......... అంటారు. 1987లో పోయింది పహిల్వాన్. నా తోడికోడలు యమునాబాయి పెనిమిటి.

ఇక్కడ ఎవరికీ ఇది విప్పి చెప్పే పని పడదు. అందుకే నీకూ రాయలేదు. తప్పు నాది.

పుస్తకాలు ముందే సమాజానికి చేరాయి. అధ్యక్షుడు కనుకయ్య నిన్న వచ్చాడు. జనవరిలో మార్కండేయ జయంతికి మా ఆయనకు సన్మానమట. ముంబై నుంచి ఒక పెద్దమనిషి వస్తాడట, మృత్యువును గెలిచినాయన్ను చూడడానికి.

"నలుగురూ నీకు తెలుసు గదా కనుకయ్యా" అన్నాను.

"ఎర్కనే వదినా. గని పహిల్వాన్ పోయె. డాక్టర్ అంజూర్ ఫాటాకు మారె. భజనాయన సమాజంతోని మాట్లాడ్తలేడు. ఇగ దొరికేటోడు గీ అన్న ఒక్కడే. నలుగురి సన్మానం ఒక్క శాలువతోని అయితది."

"పుస్తకంలో తప్పు పడింది."

"తప్పైతే అచ్చెట్ల ఏస్తరు" అన్నాడు. చాయ్ తాగి పోయాడు.

మా ఆయన గోడకు ఆనుకుని అంతా విన్నారు.

నువ్వు కనుకయ్యకు ఉత్తరం రాయి. పంతులు మాట వింటాడు.

అక్క

~

సిరిసిల్ల,
11 అక్టోబర్ 1998.

అక్కా,

నీ ఉత్తరం చదివాక రెండు రోజులు బడిలో నేనేం పాఠం చెప్పానో నాకే తెలియదు.

వెయ్యి ప్రతులు, అక్కా. కరీంనగర్ దాకా పోయాయి. ఒక వక్త పోయిన వారమే సభలో బావ గురించి అరగంట మాట్లాడాడు, నేను రాసినదానికి ఇంకో రెండు కుస్తీలు కలిపి. ఇప్పుడు 'ఆయన నలుగురు' అని నేనెట్లా రాసేది? ఈ ఊళ్ళో నలుగురు నన్ను చూసి నవ్వుతారు. బడిలో పిల్లలు నాకే ఒక ఖాళీ పేరు పెడతారు.

అసలు నువ్వు వరుసగా ఒకటి, రెండు, మూడు అని అంకెలు వేసి ఉంటే ఈ గొడవ వచ్చేదా? భార్య వదిలిన ఖాళీలో భర్త కాక ఇంకెవరుంటారని నేననుకోవాలి? తెలుగు దేశంలో ఎవరినైనా అడుగు.

కనుకయ్యకు రాయలేను. ఒక్క శాలువ. ఒక్క గంట పని. బావ ఎలాగూ మాట్లాడరు, కాబట్టి అబద్ధం ఆడినట్టూ కాదు. జరగనీ.

వెంకటేశం

~

టెంఘర్, భివండి.
13 డిసెంబర్ 1998.

తమ్ముడికి,

ఇక్కడ జరుగుతున్నవి రాస్తాను.

పుస్తకం మా ఆయన చదివారు. కూడబలుక్కుంటూ మూడు ఆదివారాలు పట్టింది. చివర "మంచిగున్నడు గీయన" అన్నారు. నాలుగు రోజులు పోయాక తల దువ్వుకుని పనికి పోవడం మొదలుపెట్టారు.

మాన్‌కోలి గోడౌన్లలో బరువులెత్తే పిల్లగాళ్ళు ఎనిమిది మంది వచ్చి కాళ్ళు మొక్కారు. పట్టు నేర్పమన్నారు. ఆయన ఒక్కొక్కరి భుజం నొక్కి చూసి "అన్నం మంచిగ తినుర్రి" అన్నారు. వాళ్ళు గురువు మాటగా తీసుకుని పోయారు.

తల్లులు పిల్లలను తెస్తున్నారు. కాదనలేక తులసాకు, బెల్లం ఇస్తున్నారు. ముగ్గురికి తగ్గింది. ఈ సంగతి ఎవరికీ చెప్పకు.

సోమవారం గుడిలో భజన దగ్గర పెద్దగా ఆవులించారు. రాగం ఎత్తుకున్నారనుకుని అందరూ తాళం వేశారు.

అందరికీ నిజం చెప్పేద్దామని అనడానికి ఆయన ముందు కూర్చున్నాను. నేను నోరు తెరవకముందే అన్నారు: "గీ ఒక్కసారి కానియ్యే. పుట్టినప్పటిసంది ఉత్తగనే ఉన్న."

పెళ్ళయిన నాటి నుంచి ఆయన నన్ను ఏదీ అడగలేదు. ఉప్పు తక్కువైతే ఉప్పు కూడా అడగలేదు. నేను లేచి దీపం పెట్టుకున్నాను.

మరునాడు యమునాబాయి వచ్చింది. కొంగులో చుట్టి వెండి గద తెచ్చింది. వేదిక మీద మా ఆయన పక్కన పెట్టడానికి పంపమని కనుకయ్య కబురు పెట్టాడట.

"గద ఇస్త అక్కా. ఇయ్యనని నేనెప్పుడన్న. గని మా ఆయన పేరు నోట తీసేటోళ్ళు ఇగ ఎవరే? నేను తియ్యలేను. నువ్వూ తియ్యలేవు. పుస్తకంల ఉన్నదేమో మీ ఆయనకు పోయె. పదకొండేండ్లయితుంది, గీ గద మీదనే ఇంత మిగిలింది."

గద మీద పేరు చెక్కి ఉంది. ఇద్దరం దాన్ని చూశాం. ఇద్దరం చదవలేదు.

చాయ్ ఇచ్చాను. తాగలేదు.

మా ఆయన అడిగినది ఒకటి. యమునాబాయి అడిగినది ఒకటి. రెండూ న్యాయమే. జయంతి నెల రోజులుంది. జపం చేస్తుంటే లెక్క తప్పుతోంది.

అక్క

~

సిరిసిల్ల,
3 జనవరి 1999.

అక్కా,

ఒక సంగతి దాచాను. ఇప్పుడు రాస్తాను.

నీ ఉత్తరంలో 1987 దగ్గరకు రాగానే నా కలం ఆగింది. పోయిన మనిషికి దగ్గు తగ్గడమేమిటని ఒక పూటంతా కూర్చున్నాను. రెండు రూపాయల కవరు వేసి నిన్ను అడిగితే తేలిపోయేది. అడగలేదు. అడిగితే బావ మళ్ళీ మామూలు బావ అయిపోతాడని భయం వేసింది. ఆ వాక్యం పోతుందని అంతకన్నా భయం. మార్కండేయుణ్ణి తెచ్చి దాని మీద కప్పేశాను. నువ్వు అంకెలు వేయలేదని నిన్ను ఆడిపోసుకున్నాను. తప్పు నాదే.

కనుకయ్యకు నిన్న ఉత్తరం రాశాను, నలుగురని. చదువుతాడో లేదో తెలియదు. అచ్చులో లేదు కదా.

నువ్వు చెప్పినా, చెప్పకపోయినా నేను నీ వైపే. బావ మొహం తలుచుకుంటే చెప్పవద్దనిపిస్తుంది. యమునాబాయి గద తలుచుకుంటే చెప్పమనిపిస్తుంది. నాకు ఏదీ తేలలేదు.

అమ్మ సందుక తీస్తే నీ రామకోటి నోటుబుక్ దొరికింది. బస్సు డ్రైవరు చేతికిచ్చి పంపుతున్నాను. నాలుగు వేల మూడు వందల పదహారు దాకా వరసగా ఉంది. ఆ తరువాత 'శ్రీ' ఒక్కటే రాసి ఆపేశావు. మగపెళ్ళివారు వచ్చి పేరు చెప్పింది అప్పుడేనా?

వెంకటేశం

~

టెంఘర్, భివండి.
25 జనవరి 1999.

తమ్ముడికి, అక్క దీవెన.

నోటుబుక్ అందింది. అవును, అప్పుడే.

జయంతి జరిగింది. ఈసారి కొంచెం ఎక్కువ రాస్తాను.

నీ ఉత్తరం కనుకయ్యకు చేరింది. చదివాడు. "పంతులు సారుది పెద్ద మనసు, బావను నలుగురితోని సమానం అంటున్నడు" అని సభలో చెప్పాడు.

వేదిక మీద మా ఆయన్ను ఎత్తు కుర్చీలో కూర్చోబెట్టారు. కుడి పక్క వెండి గద, ఎడమ పక్క మందు సీసా, ముందర హార్మోనియం. కొత్త ధోతి. తల నున్నగా దువ్వుకున్నారు. పెండ్లినాడు కూడా ఆయన మొహం అంత వెలగలేదు. నాకు చూడబుద్ధి అయింది, చూడలేకా పోయాను.

ముంబై పెద్దమనిషి మైకులో అడిగాడు: "ఎనభై ఏడుల ఏం జరిగింది, మీ నోటితోని చెప్పండి."

మా ఆయన చాలాసేపు ఆలోచించారు. "ఆ పూట మగ్గాలు బందున్నయి. ఇంట్లనే ఉన్న" అన్నారు. సభ చప్పట్లు కొట్టింది.

శాలువ కప్పే ముందు భార్యను పిలిచారు. ఇక్కడ ఈ నెలలో మరాఠీ ఆడవాళ్ళు పసుపు కుంకుమల పేరంటం చేస్తారు. ఒక్కొక్కరూ భర్త పేరు పాటలో కలిపి చెప్పాలి. మన ఆడవాళ్ళూ నేర్చుకున్నారు. నేను ప్రతి ఏడూ ఆ వేళకు నువ్వుల లడ్డూలు పంచే పని పెట్టుకుని తప్పించుకుంటాను. ఈసారి లడ్డూలు వేరేవాళ్ళకు ఇచ్చారు. మా పక్కింటి శాంతాబాయి మైకు నా చేతిలో పెట్టింది. "నావ్ ఘ్యా, తాయీ" అంది. పేరు తీసుకో అక్కా అని. తీసుకోకపోతే శాలువ కప్పరు. అది ఇక్కడి ఆచారం.

ఎదురుగా రెండో వరుసలో యమునాబాయి. గద వైపు చూస్తోంది. మా ఆయన నా వైపు చూస్తున్నారు. వద్దని కళ్ళతో అనలేదు. చెప్పమనీ అనలేదు.

మార్కండేయుడు లింగాన్ని పట్టుకున్నట్టు మైకును పట్టుకున్నాను. కళ్ళు మూసుకున్నాను. అన్న మాటలు అన్నట్టే రాస్తున్నాను.

"ఆడెపు సిద్ధిరాములు పహిల్వాన్. మా యమునాబాయి పెనిమిటి. గద గాయినది. ఎనభై ఏడుల పోయిండు, మల్ల రాలే.

ఆడెపు సిద్ధిరాములు డాక్టర్. అంజూర్ ఫాటాల ఉంటడు. సీసా గాయినది.

ఆడెపు సిద్ధిరాములు భజన. పిలిస్తె వస్తుండె. పిలువలే.

ఆడెపు సిద్ధిరాములు. మా ఆయన. పోగులు అతుకుతడు. ఈయన కట్టిన ముడి ఇంతవరకు ఇడిపోలే. ఉత్త సిద్ధిరాములు."

పండుగ కాబట్టి మగ్గాలు నడవడం లేదు. భివండిలో అంత నిశ్శబ్దం నేను వినలేదు. ముందుగా మరాఠీ ఆడవాళ్ళు చప్పట్లు కొట్టారు. వాళ్ళకు మాట అర్థం కాలేదు. ఒక్కసారి తీసుకోమంటే పేరు నాలుగుసార్లు తీసుకున్నానని వాళ్ళ సంబరం. శాంతాబాయి నాకు స్టీలు గిన్నె బహుమతి ఇచ్చింది.

కనుకయ్య మైకు లాక్కుని "శాలువ ఒక్కటే ఉన్నది" అన్నాడు.

మా ఆయన కుర్చీలోంచి లేచారు. కనుకయ్య చేతిలోంచి శాలువ తీసుకుని గదకు కప్పారు. కప్పిన గదను రెండు చేతులతో ఎత్తి, వేదిక దిగి, యమునాబాయి ఒళ్ళో పెట్టారు. బరువుంటుంది. దిగేటప్పుడు రెండుసార్లు ఆగారు. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. మాన్‌కోలి పిల్లగాళ్ళు మాత్రం గురువుగారు గద ఎత్తిన తీరు చూశారా అని ఇంకా చెప్పుకుంటున్నారు.

ఇంటికి నడిచి వచ్చాం. దారంతా నాకు భయంగానే ఉంది. చాయ్ పెట్టి ఇచ్చాను.

"కోపం వచ్చిందా" అన్నాను.

"ఎందుకు" అన్నారు.

చాయ్ అంతా తాగారు. కప్పు కింద పెట్టారు.

"నాలుగోసారి మంచిగ అన్నవ్" అన్నారు. "ఇంకోసారి అను."

నేను అనలేదు. కప్పులు తీసుకుని లోపలికి పోయాను.

మరునాడు స్నానం చేసి నీ నోటుబుక్ తెరిచాను. సిరా వెలిసిపోయింది. 'శ్రీ' దగ్గర ఆగిన గీత అలాగే ఉంది. ఒకసారి నోరు దాటిన పేరు, ఇక దాచేదేముంది. దాని పక్కన 'రామ' అని రాశాను. అమ్మ నేర్పినట్టు పైకి చదువుతూ రాశాను.

"ఆఁ" అన్నారు అవతలి గదిలోంచి.

నేను ఇంకొకటి రాశాను.

"ఆఁ, ఇంటున్న" అన్నారు.

పిలిచేది దేవుణ్ణి అని చెప్పాను. తెలుసన్నారు. అయినా పలుకుతున్నారు. కోటి పూర్తి కావాలంటే ఆ పొద్దుటికి ఇంకా తొంభై తొమ్మిది లక్షల తొంభై ఐదు వేల ఆరు వందల ఎనభై రెండు ఉన్నాయి. అన్నిటికీ పలుకుతారట.

అక్క
ఓదెమ్మ